గేదెలలో పాల దిగుబడి, వెన్న శాతం: జన్యు మార్కర్లను పాడిదారు వాడుకోవలసిన పద్ధతి

కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో పది, ఇరవై గేదెలతో పాడి నడిపేవారికి ఈమధ్య జన్యు పరీక్ష అనే మాట తరచుగా వినిపిస్తోంది. దూడగా ఉండగానే తోక వెంట్రుకలు పంపితే అది పెద్దయ్యాక ఎన్ని లీటర్లు ఇస్తుందో చెప్పేస్తామనేవారు ఒకవైపు, మేత బాగుంటే పాలు అవే వస్తాయి, జన్యువులతో పనేమిటనేవారు మరొకవైపు ఉన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నా, పాడిదారు డబ్బూ శ్రమా పెట్టవలసిన చోటు ఆ రెండూ కాదు. జన్యు మార్కర్ల వల్ల కలిగే మేలు మనకు ప్రధానంగా పోతు ద్వారా, అంటే మనం వేయించుకునే వీర్యపు స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం) ద్వారా అందుతుంది. మన పాకలోని గేదెలను పరీక్షించుకోవడం వల్ల లాభం రావాలంటే వాటి పాల లెక్క ముందుగా పుస్తకంలో ఉండాలి. ఈ రెండు విషయాలను ఆచరణలో ఎలా పెట్టుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మార్కర్ అంటే ఏమిటి

మన గేదెలకు 25 జతల క్రోమోజోములు ఉంటాయి. ఆవుకు 30 జతలు. ఈ క్రోమోజోములలోని డి.ఎన్.ఎ. నాలుగే అక్షరాలతో కోట్ల సంఖ్యలో రాసి ఉంటుంది. ఒక నిర్దిష్ట స్థానంలో ఒక గేదెకు ఒక అక్షరం, మరొక గేదెకు వేరొక అక్షరం ఉన్నప్పుడు ఆ స్థానాన్ని స్నిప్ అంటారు, మార్కర్‌గా వాడేది ఎక్కువగా వీటినే. మార్కర్ స్వయంగా పాలు పెంచేదే కానక్కరలేదు. పాలపై ప్రభావం చూపే జన్యువుకు అతి దగ్గరగా ఉండి, దానితోపాటే తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ బిడ్డకు చేరేదైతే చాలు. అయితే మార్కర్‌కూ జన్యువుకూ మధ్య ఉన్న ఈ పొత్తు ఒక జాతిలో ఉన్నట్లే మరొక జాతిలోనూ ఉంటుందన్న హామీ లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే మార్కెట్టులో జరిగే ప్రచారంలో సగం దానంతట అదే తేలిపోతుంది.

ఒక్క జన్యువు పరీక్షకు డబ్బు పెట్టకండి

ఆవులలో డీగ్యాట్1 అనే జన్యువు పేరుపొందినది. పాలలో వెన్న తయారయ్యే చివరి దశలో పనిచేసే ఎంజైమును ఇది తయారుచేస్తుంది. అందులోని ఒక స్థానంలో 'కె' రూపం ఉన్న హోల్‌స్టీన్ ఆవు పాలలో వెన్న శాతం ఎక్కువగానూ, 'ఎ' రూపం ఉన్న ఆవుకు పాల పరిమాణం ఎక్కువగానూ ఉంటాయని 2002లో తేలింది. గేదెలకూ అదే పరీక్ష చేయించి మంచివాటిని ఏరుకోవచ్చు గదా అనిపించడం సహజం. కాని 2006లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పరీక్షించిన భారతీయ గేదె జాతులన్నిటిలోనూ 'కె' రూపమే కనబడింది. అన్ని గేదెలకూ ఒకటే రూపం ఉన్నప్పుడు ఆ పరీక్షతో ఒక గేదెను మరొక గేదె నుంచి వేరుచేసి చూడడం కుదరదు. గేదె పాలు ఆవు పాలకంటే చిక్కగా ఉండడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి కావచ్చు గానీ, మన పాకలో ఏ గేదెను ఉంచుకోవాలి, దేనిని అమ్మాలి అన్న ప్రశ్నకు ఇది జవాబివ్వదు. పాల పరిమాణాన్ని ప్రభావితం చేస్తుందని ఆవులలో పేరుపడ్డ ఏబీసీజీ2 జన్యువుదీ ఇదే కథ.

ఒంటికి మంచివంటూ చేసే 'ఎ2 పాలు' అనే ప్రచారాన్ని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బీటా కేసీన్ అనే పాల మాంసకృత్తులో ఎ1, ఎ2 అని రెండు రూపాలు ఆవులలో కనబడతాయి. భారతీయ గేదెలను పరీక్షించినప్పుడు వాటిలో ఉన్నది ఎ2 రూపమే. కనుక గేదెకు ఎ2 పరీక్ష చేయించి ధ్రువపత్రం కట్టించుకోవడం ఖర్చు తప్ప మరేమీ కాదు. పాలమ్మేవారు దానిని ప్రచారానికి వాడుకుంటే అది వారి ఇష్టం, జాతి అభివృద్ధికి మాత్రం దానితో సంబంధం లేదు.

కాపా కేసీన్ సంగతి కొంచెం వేరు. కేసీన్లను తయారుచేసే నాలుగు జన్యువులూ ఒకే క్రోమోజోముపై పక్కపక్కనే ఉంటాయి. ఆవులో అది 6వది, గేదెలో 7వది. కాపా కేసీన్‌లోని తేడాలు రెన్నెట్ (చీజ్ చేయడానికి పాలను విరగగొట్టే ఎంజైము) వేసినప్పుడు పాలు ఎంత త్వరగా, ఎంత గట్టిగా విరుగుతాయన్న దానిని నిర్ణయిస్తాయి కనుక, గేదె పాలతో మొజరెల్లా అనే చీజ్ చేసే ఇటలీ వారికి వాటిపై ఆసక్తి ఎక్కువ. విజయవాడలోనో తెనాలిలోనో పాలు పెరుగుగా, నెయ్యిగా, కోవాగా మారతాయి. పెరుగు పులుపుతో గడ్డకడుతుంది గానీ రెన్నెట్‌తో కాదు. అందువల్ల మన పాల కేంద్రంలో డబ్బు తెచ్చే నాణ్యత వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) మాత్రమేనని గుర్తించి, మిగిలిన వాటికి తర్వాతి స్థానం ఇవ్వడం తెలివైన పని.

స్టియరాయిల్ డీసాచురేజ్, ప్రొలాక్టిన్, లెప్టిన్, పెరుగుదల హార్మోను జన్యువుల వంటివి పరిశోధన పత్రాలలో తరచుగా కనబడతాయి. వాటిలో కొన్నిటికి గేదెల పాలతో సంబంధం ఉన్నట్లు చూపిన పరిశీలనలు ఉన్నాయి. అయినా ఒక మందలో కనబడిన ప్రభావం మరొక మందలో తగ్గడమో, కనబడకపోవడమో మామూలే. పాల దిగుబడి అనేది వందలు, వేల జన్యువులు ఒక్కొక్కటి కొద్దికొద్దిగా కలిసి కట్టే లక్షణం కనుక ఒకటి రెండు జన్యువుల పేరు చెప్పి గేదెను అమ్మజూపేవారి మాట నమ్మనవసరం లేదు.

చిప్ పరీక్ష, అది పనిచేసే తీరు

వేల జన్యువుల ప్రభావాన్ని ఒకేసారి పట్టుకోవాలంటే వేల మార్కర్లను ఒకేసారి చదవాలి. అందుకే చిప్ వచ్చింది. గేదెల కోసం దాదాపు 90,000 స్నిప్‌లను చదివే చిప్ పదేళ్ళకు పైగా ప్రపంచమంతటా పరిశోధనలలో వాడుకలో ఉంది. మెడిటరేనియన్ జాతి గేదె ఒకదాని జన్యుపటం 2019లో దాదాపు పూర్తి స్థాయిలో వెలువడిన తర్వాత ఆ స్నిప్‌లు ఏ క్రోమోజోముపై ఎక్కడ ఉన్నాయో మరింత కచ్చితంగా తెలిసింది. మన దేశపు గేదెల కోసం 'మహిష్ చిప్' అనే చిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో విడుదల చేసింది.

చిప్ తనంతట తాను పాలు ఎన్నో చెప్పలేదు. ముందుగా వేల సంఖ్యలో గేదెలకు పాల లెక్కా, చిప్ పరీక్షా రెండూ చేసి, ఏ స్థానంలో ఏ అక్షరం ఉంటే దిగుబడి సగటున ఎంత మారుతోందో లెక్కగడతారు. ఈ గుంపును రెఫరెన్స్ గుంపు అంటారు. తర్వాత పాల లెక్క లేని దూడ వెంట్రుకలు వచ్చినప్పుడు, ఆ గుంపు నేర్పిన లెక్కతో దాని జన్యు విలువను అంచనా వేస్తారు. దీనికే జీనోమిక్ బ్రీడింగ్ వాల్యూ అని పేరు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన రెండు దూడలకు పాత పద్ధతిలో ఒకే అంచనా వచ్చేది. తల్లి నుంచి ఏ సగం, తండ్రి నుంచి ఏ సగం వచ్చాయో చిప్ చూస్తుంది కనుక ఆ రెండింటినీ వేరుచేసి చెప్పగలదు.

మన ప్రాంతంవారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. రెఫరెన్స్ గుంపులో ఎక్కువగా ఉండేవి శుద్ధమైన ముర్రా గేదెలైతే, ఆ లెక్క శుద్ధమైన ముర్రాకే బాగా పనిచేస్తుంది. మంగళగిరి, కంకిపాడు, ఉయ్యూరు పల్లెలలో ఉన్నవి చాలావరకు నాటు గేదెలకు తరతరాలుగా ముర్రా వీర్యం వేయిస్తూ వచ్చిన గ్రేడెడ్ ముర్రాలు. వాటిలో నాటు రక్తం వాటా ఎక్కువగా ఉన్నకొద్దీ అంచనా నమ్మకం తగ్గుతుంది. అలాంటి గేదెకు చిప్ పరీక్ష చేయించినప్పుడు అందులో ముర్రా రక్తం ఎంత శాతం ఉందో, చెవి పోగు నంబరు కింద రాసిన తండ్రి నిజంగా తండ్రేనా కాదా అన్న రెండు సంగతులు మాత్రం గట్టిగా తెలుస్తాయి. నా అభిప్రాయంలో ప్రస్తుతానికి గ్రామ స్థాయిలో చిప్ చేసే గొప్ప మేలు ఇదే.

పాల లెక్క రాయడం

ఏ చిప్‌కైనా ఆధారం పాల పుస్తకమే. పాడిదారు స్వయంగా చేయగలిగినదీ, ఖర్చు దాదాపు లేనిదీ ఇదే కనుక దీనిని కొంచెం విస్తరించి చెబుతాను.

ప్రతి గేదెకూ పన్నెండు అంకెల చెవి పోగు ఉండాలి, ఆ నంబరే పుస్తకంలోనూ ఉండాలి. ముద్దుపేరుతో రాసిన లెక్క ఇంట్లోవారికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. ఈనిన తేదీ, ఎన్నో ఈత, దూడ ఆడదా మగదా, వేయించిన పోతు నంబరు, వట్టిపోయిన తేదీ రాయాలి. ఈనిన తర్వాత జున్నుపాల రోజులు గడిచాక మొదలుపెట్టి నెలకొకసారి, ఒకే రోజున ఉదయం, సాయంత్రం రెండు పూటలా పాలను తూకం వేయాలి. ఇలా 305 రోజుల వరకు సాగాలి. కొలపాత్రలో నురుగు మోసం చేస్తుంది కనుక తూకమే మేలు.

నెలకొక్క రోజు తూకంతో ఈతంతటి పాలనూ ఎలా లెక్కగడతారో ఒక ఉదాహరణ చూద్దాం. ఈనిన 15వ రోజున గేదె రెండు పూటలా కలిపి 8 కిలోలు, 45వ రోజున 10 కిలోలు ఇచ్చిందనుకుందాం. మొదటి 15 రోజులకు 8 చొప్పున 120 కిలోలు. తర్వాతి 30 రోజులకు 8, 10ల సగటైన 9 చొప్పున 270 కిలోలు. 45వ రోజుకు మొత్తం 390 కిలోలు. ఇదే పద్ధతిలో చివరి తూకం వరకు కలుపుకుంటూ పోతే ఈత మొత్తం దిగుబడి వస్తుంది.

వెన్న శాతం విషయంలో చాలామంది రెండు పూటల శాతాలను కలిపి రెండుతో భాగిస్తారు. అది సరికాదు. ఉదయం 6 కిలోల పాలు 6 శాతంతో, సాయంత్రం 4 కిలోలు 8 శాతంతో వచ్చాయనుకుంటే, ఉదయం వెన్న 360 గ్రాములు, సాయంత్రం 320 గ్రాములు, మొత్తం 10 కిలోలకు 680 గ్రాములు. అంటే నిజమైన శాతం 6.8 మాత్రమే గానీ 7 కాదు. చివరి ధారలలో వెన్న ఎక్కువగా ఉంటుంది కనుక నమూనాను పూర్తిగా పితికి, బాగా కలిపిన తర్వాతనే తీయాలి. దూడకు చివరి పాలు వదిలే ఇళ్ళలో తూకం వేసే రోజున ఎంత వదిలారో అంచనాతోనైనా రాసుకోవాలి, లేకపోతే పాలు తక్కువగానూ వెన్న తక్కువగానూ నమోదై మంచి గేదె కూడా చెడ్డదిగా కనబడుతుంది.

గేదె పొదుగులో పాలు ఎక్కువ భాగం పైనున్న గ్రంథులలోనే ఉండిపోతాయి, చేపితే తప్ప కిందికి దిగవు. దీనిని ఆసరాగా చేసుకొని ఆక్సిటోసిన్ సూది వేసి పితికే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పశువు ఆరోగ్యం మాట అలా ఉంచి, లెక్క దృష్టితో చూసినా అది చేటు. ఆ రోజు తూకం గేదె గుణాన్ని కాక మందు ప్రభావాన్ని చూపుతుంది, అలాంటి లెక్క నుంచి నేర్చుకున్న చిప్ కూడా తప్పే చెబుతుంది.

గేదెలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు మొదటి ఈత దానిని మొదటి ఈత దానితోనే, వానాకాలంలో ఈనినదానిని అదే కాలంలో ఈనినదానితోనే పోల్చాలి. మాగాణిలో వరి కోతల తర్వాత పిల్లిపెసర, జనుము పచ్చిగా దొరికే నెలలలో పాలిచ్చే గేదెకూ, ఎండుగడ్డితో వేసవి గడిపే గేదెకూ మధ్య వచ్చే తేడాలో జన్యువుల పాత్ర తక్కువ. పాల దిగుబడికి అనువంశికత సుమారు పావు వంతే. అంటే గేదెల మధ్య కనబడే తేడాలో నాలుగో వంతు మాత్రమే సంతానానికి చేరగలిగినది, మిగిలింది మేత, కాలం, ఆరోగ్యం, యజమాని శ్రద్ధ. మేపితే పాలు వస్తాయనేవారి మాటలో ఉన్న నిజం ఇంతే. వారు మరచిపోయేది, మేత లాభం ఆ ఈతతో ఆగుతుందని, జన్యువుల లాభం దూడలోకి వెళుతుందని.

నమూనా తీయడం

తోక కుచ్చును కడిగి, ఆరిన తర్వాత, కుదుళ్ళతో సహా ముప్పై దాకా వెంట్రుకలను పెరికి తీయాలి. కత్తిరించిన వెంట్రుకలు పనికిరావు, డి.ఎన్.ఎ. ఉండేది కుదురులోనే. వాటిని పొడి కాగితపు కవరులో పెట్టి చెవి పోగు నంబరు, తేదీ రాయాలి. తేమ చేరే ప్లాస్టిక్ సంచి వాడకూడదు. రక్తమైతే పశువైద్యుడే తీయాలి. ఊదారంగు మూత ఉన్న ఈ.డి.టి.ఎ. గొట్టంలో తీసి, తలకిందులుగా మెల్లగా కొన్నిసార్లు తిప్పి, చల్లగా ఉంచి పంపాలి. ఒక గేదె నమూనా తీసిన చేతులతో వెంటనే మరొకదాన్ని ముట్టుకోవద్దు. తల్లీ దూడల కవర్లు తారుమారు కావడం ఈ పనిలో జరిగే పొరపాట్లలో మొదటిది. ఎక్కడికి పంపాలన్న విషయంలో గన్నవరం పశువైద్య కళాశాల జన్యుశాస్త్ర విభాగంవారినో, మండల పశువైద్యాధికారినో అడిగి ముందుకు వెళ్ళడం మంచిది.

నివేదికలో చూడవలసినవి

మొదట కాల్ రేట్ చూడాలి. మొత్తం స్నిప్‌లలో ఎన్ని సరిగా చదవగలిగారో అది చెబుతుంది. తొంభై శాతానికి తక్కువైతే నమూనా చెడిందని భావించి మళ్ళీ పంపాలి. తర్వాత జన్యు విలువ, దాని పక్కనే దాని విశ్వసనీయత ఉంటాయి. విశ్వసనీయత లేకుండా విలువ ఒక్కటే ఇచ్చిన కాగితాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆ విలువలో సగమే సంతానానికి చేరుతుంది. ఒక పోతు విలువ పాలలో +300 కిలోలు అని ఉంటే, సగటు గేదెలకు పుట్టిన దాని కూతుళ్ళు సగటున 150 కిలోలు ఎక్కువ ఇస్తాయని అర్థం. దీనిని గేదెల వైపు నుంచి వచ్చే లాభంతో పోల్చి చూడండి. మంద సగటు 1,800 కిలోలు ఉన్నచోట 2,200 కిలోలిచ్చే గేదెను ఏరుకుంటే పైచేయి 400 కిలోలు. అందులో పావు వంతు, అంటే 100 కిలోలు మాత్రమే జన్యువులదని అంచనా. దానిలో సగం, 50 కిలోలు పడ్డకు చేరుతుంది. పోతు ఇచ్చే లాభం దీనికి మూడింతలు, పైగా అదే పోతు పాకలోని గేదెలన్నిటికీ పనికివస్తుంది. ముందుగా స్ట్రా మీద శ్రద్ధ పెట్టమనడానికి కారణం ఈ లెక్కే.

నివేదికలో పాల పరిమాణానికీ వెన్న శాతానికీ విలువలు విడివిడిగా ఉంటాయి. ఈ రెండూ సాధారణంగా ఎదురెదురుగా నడుస్తాయి, పాలు పెరిగితే శాతం పలచబడుతుంది. 10 కిలోలు 6 శాతంతో ఇచ్చే గేదె రోజుకు 600 గ్రాముల వెన్న ఇస్తే, 8 కిలోలు 8 శాతంతో ఇచ్చేది 640 గ్రాములు ఇస్తుంది. వెన్నను బట్టి ధర కట్టే కేంద్రానికి పోసేవారు శాతాన్ని గానీ లీటర్లను గానీ విడిగా చూడక, వెన్న మొత్తం కిలోల విలువను చూసి ఎంచుకోవాలి. ఇంటింటికీ లీటరు లెక్కన పోసేవారికి పరిమాణమే ముఖ్యం. అయినా చట్టం అడిగే కనీస వెన్న కంటే కిందికి జారకుండా చూసుకోవాలి.

స్ట్రా ఎంచుకోవడం

గోపాలమిత్ర (ఊళ్ళో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త) వచ్చినప్పుడు స్ట్రా మీద ముద్రించిన పోతు నంబరు, జాతి, కేంద్రం పేరు, తేదీ చూసి పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. వీలైతే స్ట్రా తొడుగునే పుస్తకంలో అంటించుకోవచ్చు. ఆ పోతు తల్లి ఈత దిగుబడి ఎంత, దానికి సంతాన పరీక్ష జరిగిందా, లేక జీనోమిక్ విలువ ఉందా అని అడగాలి. కూతుళ్ళ పాలను చూసి పోతును నిర్ణయించే పాత పద్ధతికి ఏళ్ళు పడుతుంది, జీనోమిక్ విలువ దున్నదూడగా ఉండగానే వస్తుంది. అయితే దాని విశ్వసనీయత తక్కువ. అందుకని అలాంటి పడుచు పోతులను వాడేటప్పుడు మందంతటికీ ఒక్కటే వేయించక మూడు, నాలుగింటికి పంచితే ఒకటి రెండు అంచనాలు తప్పినా సగటు నిలుస్తుంది.

మొదటి స్ట్రాతో గేదె చూడి నిలవక, 21 రోజుల తర్వాత వేరే స్ట్రా వేయిస్తే రెండు తేదీలూ రెండు నంబర్లూ ఉండాలి. చూడికాలం సుమారు 310 రోజులు కనుక ఈనిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెడితే తండ్రి ఎవరో తేలుతుంది, ఊరి దున్నపోతు దాటిందన్న అనుమానం ఉంటే చిప్ తేలుస్తుంది. తండ్రి నంబరు రాసిలేని పడ్డకు తెలియక దాని తండ్రి స్ట్రానే వేస్తే పుట్టే దూడలో అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధీకుల కలయిక) 25 శాతం, ఒకే తండ్రి బిడ్డల మధ్య జరిగితే 12.5 శాతం. పాలలో సంపాదించిందంతా చూడి నిలవకపోవడంలో, దూడలు చనిపోవడంలో పోతుంది. ఆడదూడలు కావాలనుకునేవారికి లింగ నిర్ధారిత వీర్యం దాదాపు 90 శాతం ఆడదూడలనిస్తుంది, దానిని పాకలోని మంచి గేదెలకే వాడి, మిగిలినవాటికి మామూలు స్ట్రా వేయించడం ఖర్చుకు తగిన పద్ధతి.

ఈ రోజు వేయించిన స్ట్రా ఫలితం చూడడానికి చూడికి పది నెలలు, పడ్డ ఎదిగి తొలిసారి ఈనడానికి సుమారు 40 నెలలు, ఆ ఈత పూర్తి కావడానికి మరో పది నెలలు, కలిపి ఐదేళ్ళు పడుతుంది. పడ్డలను పాలు మాన్పించగానే నిర్లక్ష్యం చేస్తే ఈ గడువు ఇంకా పెరుగుతుంది, తొలి ఈతకు ముందే వాటి జన్యు విలువ సంగతి తేలకుండా పోతుంది. ఆ పడ్డల తొలి ఈత దిగుబడిని, అదే ఏడాది అదే కాలంలో ఈనిన ఇతర పడ్డల దిగుబడితో పక్కపక్కన రాసి, పోతు నంబర్ల వారీగా విడగొట్టి చూడాలి. ఒక పోతుకు ఒకటి రెండు కూతుళ్ళే ఉంటే దానిపై తీర్పు చెప్పవద్దు. ఆ లెక్కను పశువైద్యాధికారికి ఇచ్చి పశువుల వివరాలు నమోదుచేసే జాతీయ వ్యవస్థ అయిన భారత్ పశుధన్‌లో నమోదు చేయించి, తర్వాతి ఎదకు ఏ పోతు వేయించాలో అప్పుడు నిర్ణయించుకోవాలి.